తొమ్మిది ఛర్రాలు, ఒక్క జింక: వేట వీడియోలల్ల చూపియ్యని లెక్క

నాది అడవి పక్కన ఉన్న ఊరు. మక్క చేనుకు రాత్రి కావలి పోవుడు, డబ్బ కొట్టుకుంట మంచె మీద కూసునుడు, జర కన్ను మలిగితె పొద్దుగాల సగం చేను పందులు మలిపి పెట్టుడు, గివన్ని నాకు ఒకలు చెప్పక్కరలేదు. గందుకే ఈ నడుమ మా దిక్కు పోరగాళ్ల నోట్లె నానుతున్న ఒక ముచ్చటను పక్కకు పెట్టలేకపోతున్న.

అదేందంటె, ఫోన్లల్ల అమెరికా వేట వీడియోలు మస్తు తిరుగుతున్నయి. మంచె మీద నారింజ రంగు కోటు తొడుక్కొని ఒకడు కూసుంటడు. జింక వస్తది. షాట్‌గన్ ఢాం అంటది. జింక పడుతది. పది సెకన్ల పని. అది చూసి మనోళ్లు అడుగుతరు: "అన్నా, గంత పెద్ద దేశంల గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చి కొట్టిస్తది గదా, మనతాన కొడితె కేసెందుకు? వాళ్లకొక నాయం, మనకొక నాయమా?"

అడుగుడు తప్పు గాదు. గాని జవాబు పది సెకన్ల వీడియోల దొరకది. ఆ తూటాల ఏముంటది, అక్కడ దాన్ని ఎట్ల వాడనిస్తరు, అదే పని మనతాన చేస్తె ఎవరి కొంప మునుగుతది, గీ మూడు లెక్కలు చూడాలె.

తూటాల ఏముంటది?

ముందుగాల సామాన్ ముచ్చట. షాట్‌గన్ అంటె మన ఊర్లల్ల పాత దొరల ఇండ్లల్ల గోడకు వేలాడిన సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకి. ఎక్కువ నడిచేది 12 బోర్. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తె ఒక్కొక్క గుండు ఎంత లావుంటదో, ఆ గొట్టం లోపలి బొంద గంత లావుంటది. పన్నెండు అనే పేరు అట్ల వచ్చింది.

రైఫిల్‌ల ఒక్కటే గుండు ఉంటది. గొట్టం లోపల మెలికలు ఉంటయి, గుండు గిర్రున తిరుక్కుంట సీదా పోతది. షాట్‌గన్ గొట్టం లోపల నున్నగ ఉంటది, తూటాల శానా ఛర్రాలు ఉంటయి. పిట్టలను కొట్టెటియి ఆవగింజల లెక్క సన్నగ, వందల కొద్ది ఉంటయి. జింకల కోసం పోసెటియి లావుగ ఉంటయి. ఇంగ్లిష్‌ల మగ జింకను బక్ అంటరు గాబట్టి వాటికి బక్‌షాట్ అని పేరు. మన దేశంల లైసెన్సు తుపాకులోళ్లు గిసొంటి లావు ఛర్రాల తూటాలను ఎల్‌జీ, ఎస్‌జీ అంటరు.

అమెరికాల బాగ నడిచే రకం డబుల్ జీరో. మామూలు 12 బోర్ తూటాల గివి తొమ్మిది ఉంటయి. ఒక్కొక్కటి సుమారు 8.4 మిల్లీమీటర్ల లావు, మూడున్నర గ్రాముల బరువు. గొట్టం దాటేటప్పుడు సెకనుకు 400 మీటర్ల దాక వేగం ఉంటది. వింటె బలమైన దెబ్బనే అనిపిస్తది. గాని గుండ్రటి గుండు గాలిల ఎక్కువ దూరం జోరు నిలుపుకోలేదు. పైగ తొమ్మిదీ ఒక్క తొవ్వల పోవు, విడిపోతయి. అసలు తిప్పలు అక్కడ్నే మొదలైతది.

నలభై గజాలు దాటితె దేవునికే ఎరుక

వేటగాళ్ల నడుమ ఒక మోటు లెక్క ఉన్నది. మామూలు తూటా అయితె ఒక్కో గజం దూరానికి ఛర్రాల గుంపు ఒక్కో అంగుళం వెడల్పు అయితది. అంటె 40 గజాలకు, మన లెక్కల 36 మీటర్లకు, అది మీటరు వెడల్పు చక్రం అయి కూసుంటది. జింక ఒంట్ల గుండె, ఊపిరితిత్తులు ఉండే జాగ జానెడు, అంటె సుమారు 22 సెంటీమీటర్లు. ఆ మీటరు చక్రంల గీ జాగ ఇరవైల ఒక వంతు. తొమ్మిది ఛర్రాలు అంతట సమానంగ పడితె ఆ జాగకు ఒక్కటి తగులుడు కూడ గ్యారంటీ లేదు. నడిమిట్ల జర ఒత్తుగ ఉంటయి గాబట్టి ఒకటో రెండో తగులుతయి అనుకుందాం. మరి కడమయి?

ఒకటి కడుపుల పోతది. ఒకటి తుంటిల దిగుతది. ఒకటి దవడ పగులగొడుతది. రెండు మూడు గాలికి పోతయి. కడుపుల తగిలిన జింక అక్కడ పడది. లేచి ఉరుకుతది. పొదలల్ల పడి, చీము పట్టి, ఒక్కోపారి రోజుల తరబడి పానం కొట్టుకుంట చస్తది. కొట్టినోనికి దొరకది, అడవికి మిగలది. వీడియోల గీ జింకను చూపియ్యరు. పడ్డదాన్నే చూపిస్తరు.

అందుకే తెలివిగల వేటగాళ్లు బక్‌షాట్‌ను పాతిక, ముప్పై గజాల ఆయుధం అంటరు. ఇప్పుడు ఛర్రాలను దగ్గరదగ్గరగ పట్టుకొని పోయే కొత్త రకం తూటాలు వచ్చినయి, వాటితోని ఇంకొంత దూరం కొట్టొచ్చు. అయినా ప్రతి తుపాకిని కాయితం మీద కొట్టి చూసి, ఎంత దూరంల ఎన్ని ఛర్రాలు లోపల పడుతున్నయో లెక్క పెట్టుకున్నంకనే అడవికి పోవాలని వాళ్ల పాఠాలల్ల చెప్తరు. మనతాన రాత్రి పూట టార్చిలైటు ఏసి, కండ్లు మెరిసిన దిక్కు కొట్టేటోడు కాయితం మీద కొట్టి చూసిండా? ఎంత దూరమో కొలిచిండా?

ఇంకొకటి. గాలికి పోయిన ఛర్రా ఏడికి పోతది? గుండు లావును బట్టి అది ఎంత దూరం పోతదో కట్టే పాత సూత్రం ఒకటి ఉన్నది. దాని ప్రకారం డబుల్ జీరో ఛర్రా గొట్టం పైకి లేసి ఉన్నప్పుడు కొడితె సుమారు 650 మీటర్లు పోయి పడుతది. అరకిలోమీటరు దాటి పోతదన్నట్టు. ఆ అరకిలోమీటరు లోపట ఎవరి మంచె ఉన్నది? ఎవరు ఇప్పపువ్వు ఏరుతున్నరు? ఎవరు తునికాకు కోస్తున్నరు? కొట్టేటోనికి చీకట్ల ఏం ఎరుక?

అమెరికాల కూడ ఒక్క మాట లేదు

"అమెరికాల కొట్టనిస్తరు" అనుడు సగం నిజం. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు. మన తెలుగోళ్లు మస్తుమంది ఉండే న్యూజెర్సీల, దాని పైన మసాచుసెట్స్‌ల, జింకను మామూలు రైఫిల్‌తోని కొట్టనియ్యరు. షాట్‌గన్, ముందు నుంచి మందు దట్టించే తుపాకి, బాణం, గివ్వే. ఎందుకంటె జనం ఒత్తుగ ఉంటరు, రైఫిల్ గుండు మైళ్ల కొద్ది పోతది. ఆడ షాట్‌గన్‌ల బక్‌షాట్ కూడ నడుస్తది. అదే అయోవా, ఇల్లినాయిస్‌లకు వస్తె షాట్‌గన్ సరే గాని బక్‌షాట్ నడవది, స్లగ్ అనే ఒక్క పెద్ద గుండే వాడాలె. జింకకు తగిలితె ఒక్క దెబ్బల పడాలె, గాయపడి పోవద్దు అని జింకల వేటల బక్‌షాట్ వద్దనేటోళ్ల వాదన.

దక్షిణాది రాష్ట్రాలల్ల, వర్జీనియా, కరోలినాల నుంచి అలబామా, మిసిసిపీ దాక, కత వేరు. అక్కడ బురద నేలలు, ఒత్తు పొదలు. కుక్కలను ఇడిచి జింకలను ఎలగొడుతరు. ఉరుకుతున్న జింక దగ్గర్నుంచే పోతది గాబట్టి బక్‌షాట్ పాత అలవాటు. కొట్టినంక గాయపడ్డదాన్ని ఎతికేది కుక్కలే. ఆ కుక్కలు పక్కోని భూమిల జొరబడుడు మీద అక్కడ కూడ ఏండ్ల సంది పంచాయితీలు నడుస్తనే ఉన్నయి.

షాట్‌గన్ అయితె జనానికి అపాయం తక్కువ అనే మాట మీద కూడ వాళ్లు మళ్ల ఆలోచన చేసిండ్రు. 2007ల పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ ఒకటి దీని మీద అధ్యయనం చేయించింది. గొట్టం నేలకు సమాంతరంగ పెట్టి తక్కువ ఎత్తు నుంచి కొడితె షాట్‌గన్ స్లగ్ నేలకు తాకి ఎగిరి పోవచ్చు, అన్ని సందర్భాలల్ల రైఫిల్ కంటె సురక్షితం అని చెప్పలేం అని తేలింది. అంటె ఏండ్ల సంది రూలు పెట్టుకున్నోళ్లే ఆ రూలు సరైందా అని మళ్ల కొలిచి చూసుకున్నరు.

ఇంక వీడియోల కనిపియ్యని సరంజామా చూడుండ్రి. శానా రాష్ట్రాలల్ల లైసెన్సు కావాలంటె ముందుగాల వేటగాళ్ల శిక్షణ పాస్ గావాలె. ట్యాగు కొనాలె. ట్యాగు ఉన్నన్ని జింకలే కొట్టాలె. సీజన్ తారీఖులు దాటితె నేరం. చీకటి పడ్డంక కొడితె నేరం. తోటి వేటగాడు జింక అనుకొని కొట్టకుంట నారింజ రంగు బట్టలు ఏసుకోవాలని మస్తు రాష్ట్రాలల్ల రూలు. 1937ల వచ్చిన ఒక చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను పడుతది, ఆ పైసలు జంతువుల సంరక్షణకే రాష్ట్రాలకు పోతయి. వాళ్ల వేటను నేను పొగుడుతలేను. పది సెకన్ల వీడియో ఎనుక గింత పెద్ద కట్టడి ఉన్నదని చెప్తున్న.

వాళ్ల జింక వేరు, మన జింక వేరు

అసలు ఫరక్ ఇది. అమెరికాల కూడ ఒకప్పుడు ఇష్టమొచ్చినట్టు కొట్టి మార్కెట్ల అమ్ముకున్నరు. 1900 నాటికి తెల్లతోక జింకలు 5 లక్షలకు పడిపోయినయని అంచనా. అప్పుడు సోయికొచ్చి చట్టాలు తెచ్చుకున్నరు. ఇయ్యాల 3 కోట్ల దాక ఉన్నయి. వాటిని తినే తోడేళ్లను, పెద్ద పిల్లులను సగం దేశంల ముందే సంపుకున్నరు. తినేది లేక జింకలు ఊర్ల మీద పడ్డయి, రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తున్నయి. అందుకే మనుషులు కొట్టుడు అక్కడ ఒక పద్ధతి అయింది.

మనతాన జింకను తినేటిది ఇంకా బతికే ఉన్నది. పులి. చిరుత. రేసుకుక్క. ఒక పెద్ద పులికి వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 50 దాక జింకల సైజు జంతువులు కావాలె. ఏడాదికి 50 తినాలంటె ఆ అడవిల 500 దాక ఉండాలె, లేకుంటె మంద తరిగిపోతది. మహారాష్ట్ర తడోబా దిక్కుకెల్లి ప్రాణహిత దాటి మన ఆసిఫాబాద్, కవ్వాల్ అడవులకు పులులు వస్తున్నయి. వచ్చినదానికి తిండి ఉండాలె గదా. దుప్పి లేని అడవిల పులి ఏం తింటది? మన ఆవును తింటది, మన మేకను తింటది. 2020 నవంబర్‌ల, మళ్ల 2024 నవంబర్‌ల ఆసిఫాబాద్ జిల్లాల పులి దాడుల మనుషుల పానాలు పోయినయి. ఆ దాడులకు జింకల వేటనే కారణం అని నేను అంటలేను. గాని అడవిల తిండి తగ్గినకొద్ది పులి ఊరి దిక్కు మలుగుతదనేది అడవి పక్కన బతికేటోళ్లకు ఒకలు చెప్పే ముచ్చట గాదు.

గాయపడ్డ జంతువు ఏం చేస్తదో చెప్పే పాత కత ఒకటి. కుమావూఁ కొండలల్ల, నేపాల్‌ల కలిపి 436 మందిని సంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907ల జిమ్ కార్బెట్ కొట్టిండు. చూస్తె దాని కుడి దిక్కు కోరపండ్లు ఇరిగి ఉన్నయి. పాత తుపాకి దెబ్బ. కోరలు లేక అలవాటైన వేట చేయలేక అది మనిషి మీద పడ్డదని ఆయన రాసిండు. ఎవడో ఒకడు సగం కొట్టి ఇడిచిపెట్టిండు, పాపం ఏమెరుగని కట్టెలు కొట్టెటోళ్లు, గడ్డి కోసెటోళ్లు సచ్చిండ్రు.

ఇంకొక మాట యాది పెట్టుకోండ్రి. చుక్కల జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. పాలపిట్టను కొడితె ఊకుంటమా? మరి జింకకేం పాపం?

నాటు తుపాకి ఎవరి చేతుల పేలుతది?

ఇగ మన ఊర్లకు వద్దాం. ఇక్కడ అసలు కంపెనీ తూటాలు తక్కువ. ఉన్నది నాటు తుపాకి. ముందు నుంచి మందు పోసి, గుడ్డ పీలికలు కుక్కి, సీసం గుండ్లో, ఇనుప ముక్కలో దట్టించుడు. ఎంత మందు పోయాలన్నది చేతి అందాజ. గొట్టం ఏ పైపుదో, ఎంత ఒత్తిడి ఆపుతదో చేసినోనికే తెల్వది. ముందు జింకకు తగులుతదో లేదో గాని, ఎనుక చెంపకు ఆనిచ్చినోని కన్ను, వేళ్లు పోయే అపాయం ఎప్పటికీ ఉంటది. పైన చెప్పిన మీటరు చక్రం లెక్క కంపెనీ తూటాది. నాటు తుపాకికి ఆ లెక్క కూడ లేదు.

కూరల సీసం ముచ్చట కూడ ఉన్నది. సీసం మెత్తటిది, బొక్కకు తాకితె తునకలైతది. కంటికి కనిపియ్యని రవ్వలు కండల్ల ఉంటయి. పిల్లల మెదడుకు సీసం విషం, ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. అమెరికాల నీటి పిట్టల వేటకు 1991ల దేశమంతట సీసం ఛర్రాలు బందు పెట్టిండ్రు. కాలిఫోర్నియాల 2019 జూలై నుంచి ఏ వేటకూ సీసం తూటా వాడొద్దు. సీసం తిని రాబందులు సస్తున్నయని ఆ రూలు తెచ్చిండ్రు. మనతాన అదే కూర ఇంట్ల చంటిపిల్లకు కూడ పెడుతరు.

తుపాకి లేనోళ్లు కరెంటు తీగ పెడుతున్నరు. ఇది ఇంకా పెద్ద సావు. 2024 ఫిబ్రవరిల భూపాలపల్లి జిల్లా కాటారం దిక్కు అడవిల కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకాయన వేటగాళ్ల తీగ తగిలి సచ్చిపోయిండు. తీగకు జింక ఏదో, మనిషి ఎవరో తెల్వది. 2020ల కేరళల కడుపుతోని ఉన్న ఏనుగు పందుల కోసం పెట్టిన బాంబు పండు కొరికి సచ్చిన ముచ్చట దేశమంతా ఏడ్చింది. మన ఊర్లల్ల ఉల్లిగడ్డ బాంబు కొరికి దవడ పగిలిన ఆవును చూసినోళ్లకు అది కొత్త గాదు.

కొట్టేది ఎవరి కోసం, పోయేది ఎవరు?

నాకు అన్నిటికంటె ఎక్కువ కోపం వచ్చే కాడికి వస్తున్న. వేటల రెండు రకాలోళ్లు ఉన్నరు. ఒకలు పట్నంకెల్లి పెద్ద బండ్లల్ల వస్తరు, లైసెన్సు తుపాకులు, స్పాట్‌లైట్లు. 2017ల మహదేవ్‌పూర్ అడవిల జింకల వేట కేసు అప్పట్ల ఎంత లొల్లి అయిందో యాదికున్నోళ్లకు తెలుసు. రెండోటోళ్లు మన ఊరి పోరగాళ్లు. తొవ్వ చూపెట్టేది వీళ్లు, మోసేది వీళ్లు, కోసేది వీళ్లు, దొరికేది కూడ వీళ్లే. కూర తిన్నోని పేరు ఎఫ్ఐఆర్‌ల ఉండది.

అందుకే చట్టం ఏమంటదో జర సాఫ్‌గ చెప్త. వన్యప్రాణి రక్షణ చట్టం 1972ల వచ్చింది. 2022ల సవరించిండ్రు, అది 2023 ఏప్రిల్ నుంచి అమలైతున్నది. దుప్పిని కొడితె మూడేండ్ల దాక జైలు, లక్ష రూపాయల దాక జుర్మానా, లేకుంటె రెండూ. అదే అభయారణ్యం లోపల కొడితె, లేదంటె కృష్ణజింక, కొండగొర్రె లాంటి మొదటి షెడ్యూలు జంతువును కొడితె, మూడేండ్లకు తక్కువ లేకుంట ఏడేండ్ల దాక. వాడిన బండి, ఆయుధం సర్కారు కిందికి పోయే సెక్షన్ ఉన్నది. ఈఎంఐ మీద తీసుకున్న బైకు కూడ అండ్లనే. కూర దగ్గర పెట్టుకున్నా, కొన్నా నేరమే.

ఇంక ఆయుధాల చట్టం వేరే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటె రెండేండ్లకు తక్కువ లేకుంట ఐదేండ్ల దాక. తయారు చేసినా, అమ్మినా ఏడేండ్ల నుంచి యావజ్జీవం దాక. అంటె నాటు తుపాకి పట్టుకొని రీల్ చేసినోడు జింకను కొట్టకున్నా సరే, తన మీద సాక్ష్యం తనే అప్‌లోడ్ చేసినట్టు. పోలీసు కొలువుకు, ఆర్మీకి తయారయ్యే పోరగాడు ఒక్క కేసుతోని ఎట్ల ఆగమైతడో మీకు చెప్పాల్నా?

తుపాకి చేతులుంటె వేట ఏడి దాక పోతదో మధ్యప్రదేశ్ గునాల 2022 మే నెలల చూసినం. కృష్ణజింకలను కొట్టి తీస్కపోతున్నోళ్లను ఆపబోయిన ముగ్గురు పోలీసులను కాల్చి సంపిండ్రు.

ఆదివాసుల వేట ముచ్చట తీసి కొందరు దీన్ని కప్పెడుతరు. ఎండకాలం కొండలల్ల ఇటుకల పండుగకు ఊరంతా బాణాలతోని అడవికి పోవుడు ఒక ఆచారం. దాని కత వేరు, కూర కిలోల లెక్క పట్నానికి అమ్ముకునుడు వేరు. అయినా ఒకటి తెలుసుకోవాలె: 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు భూమి హక్కు, చిన్నపాటి అటవీ ఉత్పత్తుల హక్కు ఇచ్చింది గాని, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. పోడు పట్టా ఉన్నది గదా అని అడవిల జింకను కొట్టొచ్చని ఎవడన్న చెప్తె నమ్మకుండ్రి.

మరి పంట సంగతేంది?

ఇది అడగకుంట జింకల మీద ప్రేమ ఒలకబోసేటోళ్లంటె నాకు పడది. అడవి జంతువు మీద పట్నపోళ్లకు ప్రేమ ఉంటది, దాని ఖర్చు మాత్రం అడవి పక్క రైతు కడుతున్నడు. పంది చేన్ల పడ్డ రాత్రి రైతుకు పోయేది కంకులొక్కటే గాదు, విత్తనం, యూరియా, దున్నుడు కిరాయి, మిత్తి. ఆ కడుపు మంటల నుంచే తీగ పుడుతది, నాటు తుపాకి పుడుతది.

చట్టంల తొవ్వ లేదా అంటె ఉన్నది. అదే 1972 చట్టం 11వ సెక్షన్ ప్రకారం, రెండో షెడ్యూలు జంతువు మనుషుల పానానికో, చేన్ల పంటకో అపాయం అయితె చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గాని రాతపూర్వకంగ కారణాలు చూపి కొట్టేతందుకు పర్మిషన్ ఇయ్యొచ్చు. అడవి పంది ఆ షెడ్యూలుల్నే ఉన్నది. ఇంక మీది మీదికొచ్చిన జంతువును నీ పానమో, ఇంకొకల పానమో కాపాడుకునేతందుకు నిజాయితీగ కొడితె అది నేరం గాదని కూడ అదే సెక్షన్ చెప్తది. గాని అది పానానికే, పంటకు గాదు. ఈ ఫరక్ మన ఊర్లల్ల శానామందికి తెల్వది.

పర్మిషన్ ఇచ్చి కొట్టించినా లొల్లి తక్కువేం గాదు. 2016ల బీహార్ మొకామా దిక్కు మనుబోతులు పంటలు నాశనం చేస్తున్నయని హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించి 200కు పైన కొట్టించిండ్రు. కేంద్రంల ఇద్దరు మంత్రులే దాని మీద ఎదురెదురు మాట్లాడిండ్రు. రైతుకు ఊరట, జంతు ప్రేమికులకు కోపం. రెండేండ్లకు మంద మళ్ల పెరగకుంట ఏం చేయాలన్నది మాత్రం తుపాకితోని తేలే ముచ్చట గాదు.

నా మాట ఏందంటె, పంది కోసం షూటర్‌ను పంపుతమన్నప్పుడు మనం పర్మిషన్ ఒక్కటే అడిగి ఊకోవద్దు. ఏ తూటా? ఎంత దూరం? ఎనుక మట్టి కట్ట ఉన్నదా, ఊరు ఉన్నదా? గాయపడి పోయిన పందిని తెల్లారి ఎవరు ఎతుకుతరు? ఆ రాత్రి చుట్టుపక్కల కావలోళ్లకు డప్పు కొట్టి చెప్తరా? మక్క చేన్ల అరవై మీటర్ల దూరంకెల్లి ఛర్రాల తూటా కొడితె పంది పడది, గాయంతోని మలిగి పొద్దుగాల గడ్డికి పోయిన ఆడోళ్ల మీద పడుతది. ఛర్రాల లెక్క తెలిసినోడే గీ ప్రశ్నలు అడుగుతడు. గందుకే గింత రామాయణం చెప్పిన.

రెండోది, సోలార్ కంచె. దీనికీ దొంగ తీగకూ భూమికి ఆకాశానికి ఉన్నంత ఫరక్. సోలార్ కంచెల కరెంటు సెకనుకు ఒకపారి, కన్ను మూసి తెరిచేటంత సేపు కూడ ఉండకుంట, చిన్న దెబ్బ లెక్క వస్తది. జంతువు బెదిరి ఎనుకకు పోతది, సావది. మోటరు కాడికెల్లి సీదా గుంజిన తీగ పట్టుకుంటె ఇడవది. సోలార్ కంచెకు సబ్సిడీ అడవి పక్క ఊర్లకు ముందుగాల రావాలె, ఒక్కొక్క రైతుకు గాకుంట నాలుగైదు చేన్లకు కలిపి రావాలె. పందులు ముట్టని కుసుమ, ఆముదం లాంటియి గట్ల పొంటి నాలుగు సాళ్లు పెట్టుమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తున్నరు. అది పేదోని కంచె.

మూడోది, నష్టపరిహారం. పంట పోయిన ఫొటో, గుర్తులు, పట్టాదారు పాసుబుక్కు, దరఖాస్తు. గివి రాసుడు, అప్‌లోడ్ చేసుడు ముసలి రైతుకు రాదు. ఫోన్ చేతిల ఉన్న మనకు వస్తది. మా ఊర్ల ఇద్దరు ముగ్గురు పోరగాళ్లు పొద్దుగాల చేన్లకు పోయి ఫొటోలు తీసి తారీఖుతోని దాచిపెడుతున్నరు. ఆఫీసుకు పోయినప్పుడు "సాక్ష్యం ఏది?" అనే మాటకు జవాబు ఉంటున్నది. పైసలు లేటుగ వస్తున్నయి, తక్కువగ వస్తున్నయి, కొట్లాట ఇంకా ఉన్నది. గాని ఆ కొట్లాట నాయమైంది, జైలు తొవ్వ గాదు.

ఇంక కౌలు రైతు సంగతి. పాసుబుక్కు లేని కౌలు రైతు పంట పంది తింటె ఆ పరిహారం ఎవరి పేరు మీద పడాలె? రేపు గ్రామసభల అడగాల్సిన మొదటి ప్రశ్న గిదే. తుపాకి ఎందుకు ఇయ్యవని అడుగుడు అల్కటి పని. దున్నినోని నష్టానికి ఎవరు జవాబుదారీ అని నిలదీసుడు కష్టం. కష్టమైందే అడుగుదాం, తమ్ముళ్లారా.